మొదటి డ్యూటీ నుంచి ఇంటర్న్‌షిప్ దాకా: నర్సింగ్ విద్యార్థుల మనసు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు. 2021–22 విద్యా సంవత్సరం నుంచి భారత నర్సింగ్ మండలి దీన్ని ఎనిమిది సెమిస్టర్లుగా మార్చింది. ఇంటర్ బైపీసీ ముగించి, పద్దెనిమిదేళ్లకు అటూ ఇటూగా ఉన్న అమ్మాయిలు ఇందులో చేరతారు. కొద్దిమంది అబ్బాయిలూ ఉంటారు. అదే వయసులో డిగ్రీ కాలేజీకి వెళ్లిన స్నేహితురాలికి లేని అనుభవాలు వీరికి ఎదురవుతాయి. పరాయి మనిషి ఒళ్లు తుడవాలి, నొప్పితో అరుస్తున్న వాళ్లకు సూది వేయాలి, ప్రాణం పోతున్న మనిషి మంచం పక్కన నిలబడాలి. సూది వేయడాన్ని మాత్రం క్రమంగా నేర్పుతారు. ముందు ట్యూటర్ చేసి చూపిస్తుంది, తర్వాత విద్యార్థిని బొమ్మ మీద చేసి చూపిస్తుంది, ఆ తర్వాతే పెద్దల కళ్లెదుట రోగికి వేస్తుంది. భయం, సిగ్గు, దుఃఖం, కోపం విషయంలో ఇలాంటి క్రమం ఏదీ లేదు. వాటిని ఎవరికి వారే లోపల మింగుకుంటున్నారు. నిజానికి ఆ భావాలను పట్టుకోవడం కూడా ఈ వృత్తిలో ఒక నైపుణ్యమే. చేయి పట్టుకుని నేర్పితే అది వస్తుంది, వదిలేస్తే గాయమవుతుంది.

కొత్త కాలేజీల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి విడివడి జిల్లాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022 నవంబరులో, గద్వాల కళాశాల 2024లో మొదలయ్యాయి. ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలు కూడా ఈ పట్టణాలకు కొత్తవే. కాలేజీ కొత్తదైతే దాని లోటు దానికి ఉంటుంది. ధైర్యం చెప్పే పాత విద్యార్థులు తక్కువ. నిన్నటిదాకా మామూలు జిల్లా ఆసుపత్రిగా నడిచిన వార్డు ఒక్కసారిగా బోధనా వార్డవుతుంది. అక్కడి సిబ్బందికీ విద్యార్థులు కొత్తే. 2011 జనగణన నాటికి గద్వాల ప్రాంతంలో అక్షరాస్యులు దాదాపు సగం మందే. అందువల్ల ఇక్కడ నర్సింగ్‌లో చేరే చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లలు. ఆ గర్వమూ, ఆ బరువూ రెండూ వారి వెంటే హాస్టల్‌కు వస్తాయి.

ఇల్లు విడిచిన తొలి నెలలు

మొదటి సెమిస్టర్లో మొట్టమొదట పట్టుకునేది ఇంటి బెంగ. గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో చదివి వచ్చిన అమ్మాయికి హాస్టల్ కొత్త కాదు కాబట్టి బెంగ ఉండదనుకుంటారు. ఇది తప్పు. అక్కడ ఏళ్ల తరబడి స్నేహాలు ఉంటాయి, ఇక్కడ ఒక్కరూ తెలియదు. పాలమూరు పల్లెల్లో దీనికి ఇంకో ముఖం ఉంది. అమ్మానాన్నలు పని కోసం హైదరాబాద్‌కో ముంబైకో పుణెకో పోయిన ఇళ్లలో, దసరా సెలవులకు వెళ్లడానికి తాళం వేసిన ఇల్లే మిగులుతుంది. గది మొత్తం బ్యాగులు సర్దుకుంటుంటే ఒక్క అమ్మాయి మంచం మీద పుస్తకం తెరిచి కూర్చుంటుంది. హాస్టల్ వార్డెన్ ముందుగా చూడవలసింది ఆ అమ్మాయినే.

రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడవడం, ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని అసలు చేయకపోవడం, ఈ రెండూ బెంగను పెంచేవే. రోజులో ఒకే వేళ పెట్టుకుని, మాటల్లో ఆనాడు నేర్చుకున్నదొకటి ఇంట్లో వాళ్లకు చెప్పడం చాలామందికి పనిచేస్తుంది. “తిన్నవా, పన్నవా” దగ్గర ఆగిపోయే సంభాషణ కాస్తా “ఇయ్యాల బీపీ చూసుడు నేర్పిన్రు” దాకా నడిస్తే తల్లికీ ధైర్యం, బిడ్డకూ ధైర్యం. మొదటి నెల్లో వారం వారం ఇంటికి పరుగెత్తే వారికన్నా, మూడు నాలుగు వారాలు ఆగి వెళ్లినవారు త్వరగా కుదురుకుంటారు. తిండి తగ్గి, నిద్ర పట్టక, నెల దాటినా క్లాసులో మనసు నిలవకపోతే అది మామూలు బెంగ కాదని గుర్తించాలి.

బెంగతోపాటు వచ్చేది ఇంగ్లిష్ భయం. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి అనాటమీ పుస్తకం తెరిచి, మొదటి పేజీలోనే ఇరవై కొత్త మాటలు చూసి, తనకు తెలివి లేదనే నిర్ణయానికి వస్తుంది. తెలివి సమస్య కాదది, అలవాటు సమస్య. వైద్య పదాలు ముక్కల కూర్పులు. ‘కార్డియో’ అంటే గుండె, ‘నెఫ్రో’ అంటే మూత్రపిండం, ‘హెపాటో’ అంటే కాలేయం, చివర ‘ఐటిస్’ వస్తే వాపు. ఇలాంటి ముక్కలు రోజుకు ఐదు రాసుకుంటే సెమిస్టర్ ముగిసేలోపు పుస్తకం దారికొస్తుంది. వైవాలో నోరు పెగలకపోవడానికి కూడా విరుగుడు ఇలాంటిదే. రాత్రి గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ప్రశ్న, జవాబు బయటికి పలకాలి. మనసులో చదివిన జవాబు ఎగ్జామినర్ ముందు నోటికి రాదు.

రాత పరీక్షలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా 50 శాతం రావాలి, హాజరు 80 శాతం ఉండాలి, పట్టా చేతికి వచ్చేలోపు క్లినికల్ గంటలు నూటికి నూరు పూర్తి కావాలి. జ్వరమొచ్చి వారం మానేసినా ఆ డ్యూటీలు తర్వాత చేసి తీరాలి. ఈ లెక్క చాలామందికి మూడో ఏడు దాకా సరిగ్గా తెలియదు, తెలిసిన రోజున కంగారు మొదలవుతుంది. మొదటి వారంలోనే రాతపూర్వకంగా చెప్పేస్తే సగం రంది తగ్గుతుంది.

వార్డులో అడుగు

వార్డు పోస్టింగ్ మొదలయ్యాక అసలు పరీక్ష వస్తుంది. తెల్లని యూనిఫాం, చేతిలో లాగ్‌బుక్, లోపల బుగులు. ఒంటి స్నానం చేయించడం, బెడ్‌పాన్ పెట్టడం, క్యాథెటర్ చూసుకోవడం వంటి పనుల్లో సిగ్గు ఎదురవుతుంది. మగ రోగి ఒంటిని తాకవలసి వచ్చినప్పుడు, పెంపకంలో నేర్చుకున్నదంతా ఒక్కసారి అడ్డొస్తుంది. ఆ సిగ్గును గదిమేయకూడదు, పనికొచ్చేలా మలచాలి. తెర లాగడం, అవసరమైనంత మేరకే దుప్పటి తీయడం, చేయబోయేది ముందే చెప్పడం, అనుమతి అడగడం, ఇవన్నీ రోగి మానాన్ని కాపాడే పద్ధతులు. చేసేవారి సంకోచాన్నీ ఇవే తగ్గిస్తాయి. రోగి పొగరుగా చేయి వేసినా, తప్పుడు మాట అన్నా అది సేవలో భరించవలసినది కాదు. వెంటనే పని ఆపి, మంచం దగ్గర్నుంచి జరిగి, ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పాలి.

నొచ్చుకునే ఇంకో సందర్భం రోగి అపనమ్మకం. క్యాన్యులా ట్రేతో వచ్చిన చిన్న పిల్లను చూసి ముసలమ్మ, “నువ్వొద్దు బిడ్డా, మంచిగ సూదేసేటోళ్లను పిలువు” అంటుంది. విద్యార్థిని ముఖం వాడిపోతుంది, చేయి వణుకుతుంది, వణికే చేతికి నరం దొరకదు. ఇక్కడ నిజం చెప్పడమే మేలైన దారి. “అవ్వా, నేను నేర్చుకుంటున్న. మా మేడమ్ పక్కనే ఉన్నరు. ఒక్కసారి చూస్త, దొరకకుంటె మేడమే ఏస్తరు.” ఈ మాట అంటే రోగికి భరోసా, విద్యార్థినికి హద్దు రెండూ దొరుకుతాయి. ఒక ప్రయత్నం తప్పితే ట్రే పెద్దల చేతికివ్వాలి. అలా ఇవ్వడంలో ఓటమి లేదు, రోగికి రెండో పోటు తప్పించడం ఉంది. తుంగభద్ర, కృష్ణల నడుమ ఉన్న నడిగడ్డ పల్లెల నుంచి వచ్చే వాళ్ల మాటలో కన్నడం కలుస్తుంది. వేరే జిల్లా నుంచి కౌన్సెలింగ్‌లో సీటు వచ్చి గద్వాలకు చేరిన విద్యార్థినికి మొదట్లో సగం అర్థం కాదు. అర్థం కాకుండా తలూపడం కన్నా, తోటి విద్యార్థినినో ఆయమ్మనో అడిగి తెలుసుకోవడం మంచిది. వార్డు ఆయమ్మలు ఈ విషయంలో గొప్ప గురువులు.

అందరి ముందు తిట్లు తినడం గురించి కూడా చెప్పుకోవాలి. రద్దీలో ఉన్న స్టాఫ్ నర్సు, “ఇది కూడా రాదా” అని రోగుల ఎదుట అంటే ఆ మాట సంవత్సరాలు గుర్తుంటుంది. తిట్టులో రెండు పాళ్లుంటాయి. ఒకటి జరిగిన పొరపాటు గురించి, ఒకటి తిట్టిన మనిషి అలసట గురించి. మొదటిది లాగ్‌బుక్ వెనక పేజీలో రాసుకుని దిద్దుకోవాలి. రెండోదాన్ని మోసుకుపోవలసిన పని లేదు. బ్రిటన్‌లో విద్యార్థి నర్సుల మీద అధ్యయనం చేసిన పామ్ స్మిత్ 1992లో ప్రచురించిన పుస్తకంలో, వార్డు వాతావరణాన్ని నిర్ణయించేది ఆ వార్డు సిస్టర్ ప్రవర్తనేనని చూపించింది. సిస్టర్ విద్యార్థులను ఆదరిస్తే, విద్యార్థులు రోగులను ఆదరించడం నేర్చుకుంటారు. ఇది మూడు జిల్లాల ఇన్‌చార్జ్ సిస్టర్లందరూ గుర్తుంచుకోవలసిన మాట.

సూది గుచ్చుకుంటే కలిగే భయం వేరు. వాడిన సూది తన వేలికే గుచ్చుకున్న విద్యార్థిని, తిడతారని దాచిపెట్టి, రాత్రంతా హెచ్‌ఐవీ గురించి ఫోన్‌లో వెతుక్కుంటుంది. దాచడమే అసలు ప్రమాదం. గాయాన్ని పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి, అప్పటికప్పుడు చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకున్నా వ్యాధి సోకే అవకాశం వెయ్యిలో మూడు మాత్రమే. నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెడితే అదీ తగ్గుతుంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పోస్టింగ్‌కు ముందే పూర్తయి ఉండాలి. ఈ నాలుగు వాక్యాలు మొదటి సెమిస్టర్లోనే కంఠస్థమైతే ఎన్నో రాత్రుల భయం తప్పుతుంది.

మొదటి మరణం

సిలబస్‌లో సైకాలజీ మొదటి సెమిస్టర్లో ముగుస్తుంది. మానసిక ఆరోగ్య నర్సింగ్ ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. మొదటి మరణం ఈ రెండింటికీ నడుమ, ఏ పాఠమూ చేతిలో లేని వేళ ఎదురుపడవచ్చు. ఉదయం “ఏ ఊరు బిడ్డా నీది” అని పలకరించిన మనిషి మధ్యాహ్నానికి ఉండడు. బంధువుల ఏడుపు నడుమ ఆ శరీరం నుంచి గొట్టాలు తీయాలి, కళ్లు మూయాలి, కాళ్లూ చేతులూ సరిచేయాలి, పేరు రాసిన చీటీ కట్టాలి. పుస్తకంలో ఇది ఒక ప్రొసీజర్. చేస్తున్న చేతులకు అంతకన్నా చాలా పెద్దది.

ఆ తర్వాత వచ్చే భావాలు ఒక్కొక్కరిలో ఒక్కో తీరు. కొందరు ఏడుస్తారు. కొందరికి ఏమీ అనిపించదు, ఏమీ అనిపించనందుకు తమను తాము రాయి అని నిందించుకుంటారు. చాలామందిని పట్టి పీడించేది అపరాధ భావం. పదకొండు గంటలకు బీపీ సరిగ్గా చూశానా, పిలిచినప్పుడు ఆలస్యంగా వెళ్లానా అని మనసు తిరిగి తిరిగి అక్కడికే పోతుంది. దీనికి ఓదార్పు కన్నా సమాచారం ఎక్కువ మేలు చేస్తుంది. రోగి ఏ వ్యాధితో వచ్చాడు, ఎంత ముదిరింది, ఏ చికిత్స జరిగింది, ఎందుకు నిలవలేదు అన్నది ట్యూటర్ కేస్ షీట్ ముందు పెట్టి వివరించాలి. పదిహేను నిమిషాలు చాలు. ఏం జరిగింది, ఏం చేశాం, ఇప్పుడెలా ఉంది అనే మూడు ప్రశ్నలతో వరుసగా అందరినీ మాట్లాడనివ్వాలి. మాట్లాడనంటే బలవంతం చేయకూడదు. మొదటి సూది ఎవరూ ఒంటరిగా వేయరు. మొదటి మృతదేహ సంరక్షణ కూడా ఎవరూ ఒంటరిగా చేయకూడదు. ఈ నియమం ప్రతి కాలేజీలో రాతలో ఉండాలి.

రోగి బంధువుల ముందు కన్నీళ్లు రావచ్చా అని విద్యార్థులు అడుగుతుంటారు. చేతి పని ఆగనంత వరకు రావచ్చు. తమ మనిషి కోసం నర్సమ్మ కళ్లు తడిశాయని చెప్పుకునే కుటుంబాలున్నాయి, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. పని ఆగేంత ఏడుపు వస్తే పక్కవారికి అప్పగించి బయటికి వెళ్లాలి. ఆ రోజు తిండి మానకూడదు, గదిలో ఒంటరిగా ఉండకూడదు. డైరీ రాయడం మంచిదే, కానీ అందులోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ రోగి పేరూ ఫొటోలూ ఉండకూడదు.

పల్లె ఆసుపత్రుల్లో పురుగుమందు తాగి వచ్చే కేసులు ఈ విద్యార్థులను మరీ కలచివేస్తాయి. రైతు ఇంటి బిడ్డకు ఆ మంచం మీద తన తండ్రో అన్నో కనబడతాడు. వచ్చింది తన ఈడు అమ్మాయే కావచ్చు. “చావాలని తాగినోళ్లకు ఎందుకింత సేవ” అనే మాట వార్డులో వినబడితే విద్యార్థులు దాన్ని నేర్చుకోకూడదు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సొంతింట్లో అలాంటి మరణం చూసిన విద్యార్థిని ఉంటే, అడగక ముందే ట్యూటర్ పోస్టింగ్ మార్చి ఇవ్వాలి.

నవ్వుతూ పనిచేయడం వెనక

రాత్రి సప్లిమెంటరీ ఫలితం చూసి ఏడ్చిన అమ్మాయి ఉదయం ఎనిమిదికి రోగిని నవ్వుతూ పలకరించాలి. లోపల లేని భావాన్ని ఉద్యోగం కోసం ముఖం మీదికి తెచ్చుకోవడాన్ని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో భావోద్వేగ శ్రమ అన్నది. అది కూడా శ్రమే, దానికీ విశ్రాంతి కావాలి. డ్యూటీ దిగాక పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయిని గదిలో వాళ్లు “పొగరు” అనకూడదు.

మనసును మొద్దుబార్చుకుంటే బాధ ఉండదని సీనియర్లు చెబుతారు. ఈ సలహా సరికాదని దాదాపు 65 ఏళ్ల కిందటే తేలింది. లండన్‌లోని ఒక బోధనా ఆసుపత్రిలో ఇసబెల్ మెంజీస్ చేసిన అధ్యయనం 1960లో వెలువడింది. అక్కడ నర్సులు ఏ ఒక్క రోగికీ దగ్గర కాకుండా పనిని ముక్కలు చేసేవారు, రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బుతోనో పిలిచేవారు. ఇలా దూరం పాటించినా ఆందోళన తగ్గలేదు, పనిలోని తృప్తి మాత్రం పోయింది. విద్యార్థి నర్సుల్లో దాదాపు మూడో వంతు చదువు మధ్యలోనే మానేశారు. మన వార్డుల్లో “ఏడో బెడ్ ఫీవర్ కేసు” అనే పిలుపు వింటే ఈ సంగతి గుర్తుకు రావాలి. పేరు పెట్టి పిలిచే అలవాటు రోగికెంత మేలో విద్యార్థినికీ అంతే మేలు.

దగ్గరితనానికి హద్దు కూడా ఉండాలి. మందులకు డబ్బులేని రోగికి సొంత స్టైపెండ్ ఇవ్వాలనిపించడం మంచి మనసే. అయితే ఒకరికిచ్చి పదిమందికి ఇవ్వలేక నలిగిపోవడం కన్నా, ఆసుపత్రిలో దొరికే ఉచిత మందుల గురించీ ఆరోగ్యశ్రీ గురించీ కనుక్కుని చెప్పడం మేలు. సొంత ఫోన్ నంబరు రోగులకు ఇవ్వకూడదు.

లేబర్ రూమ్‌లో కొందరికి ఇంకో రకం బాధ మొదలవుతుంది. నొప్పులు పడుతున్న తల్లిని కసరడం చూస్తారు, తప్పని తెలుస్తుంది, నోరెత్తే స్థానం ఉండదు. సరైనది తెలిసీ చేయలేకపోయినప్పుడు కలిగే ఈ బాధను తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నైతిక వేదనగా గుర్తించాడు. విద్యార్థిని అక్కడ గొడవపడలేకపోవచ్చు, కానీ ఏమీ చేయలేనిదీ కాదు. తల్లి చేయి పట్టుకోవచ్చు, నడుం రాయవచ్చు, ఏం జరుగుతోందో చెప్పవచ్చు, డ్యూటీ అయ్యాక ట్యూటర్‌కు తెలపవచ్చు. గౌరవంతో కూడిన ప్రసవ సేవ 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమంలో ప్రభుత్వమే పెట్టుకున్న నియమం. కాబట్టి ఆ మాట చెప్పిన విద్యార్థిని ఫిర్యాదుదారు కాదు.

సంతోషాలను కూడా ఇంతే శ్రద్ధగా గమనించాలి. తొలి కాన్పులో బిడ్డ కేరుమన్న క్షణం, ఒక్క పోటుకే నరం దొరికిన రోజు, మంచానికే పరిమితమైన మనిషి నడిచి ఇంటికి పోయిన రోజు విద్యార్థులు లోపల దాచుకుంటారు. కమ్యూనిటీ పోస్టింగ్‌లో పల్లెకు పోతే ముసలమ్మలు చుట్టూ చేరి, “మా నర్సమ్మ” అని కూర్చోబెడతారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం స్టైపెండ్ పెంచడంతో ప్రభుత్వ కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థులకు నెలకు 1,500 రూపాయలు 5,000 అయ్యాయి. తొలిసారి చేతికొచ్చిన ఆ డబ్బుతో తల్లికి చీర కొన్న అమ్మాయి సంతోషం ఏ కౌన్సెలింగూ ఇవ్వలేనిది. మనసు కుంగిన రోజుల్లో చూసుకోవడానికి ఇలాంటివి రాసిపెట్టుకోవాలి.

చివరి ఏడు

ఎనిమిదో సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్. ఈ దశలో బాధలన్నీ రేపటి గురించే. ఊళ్లో రాత్రి డ్యూటీల గురించి అనే మాటలు పెళ్లి సంబంధాల దగ్గర తిరిగి వినబడతాయి. ఇంట్లో వాళ్లను ఒకసారి ఆసుపత్రికి తీసుకొచ్చి, పని చూపించి, మేడమ్‌తో మాట్లాడించడం చాలా అనుమానాలను తీరుస్తుంది. ఉద్యోగం విషయంలో చెవినపడే పుకార్లన్నీ నమ్మకుండా దారులు కాగితం మీద రాసుకోవాలి. రాష్ట్ర నర్సుల మండలిలో రిజిస్ట్రేషన్, వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి పరీక్షలు, ఎయిమ్స్ కోసం నార్సెట్ పరీక్ష, విదేశాలకైతే భాషా పరీక్ష. 2024 జనవరిలో రాష్ట్రంలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులు ఒకేసారి నియామక పత్రాలు అందుకున్నారు. పరీక్షకూ పరీక్షకూ నడుమ ఏళ్లు గడవవచ్చు కాబట్టి ఒక్క దారినే నమ్ముకోకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లో చదువుకున్నదానికీ జరిగేదానికీ పొంతన కుదరక కుదుపు తప్పదు. అమెరికా నర్సు, పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లోనే దీని మీద పుస్తకం రాసింది. ముందే తెలిసి ఉంటే ఆ కుదుపును తట్టుకోవడం తేలిక.

సాయం అడగవలసిన వేళ

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, చూసిన మరణం కళ్లెదుట మళ్లీ మళ్లీ తిరగడం, ఇష్టమైనవి రుచించకపోవడం, డ్యూటీ తలచుకుంటేనే గుండెదడ రావడం, బతికి ఏం లాభం అనిపించడం, ఇవి మామూలు అలసట గుర్తులు కావు. వీటిలో చివరిది ఒక్కసారి అనిపించినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. గదిలో స్నేహితురాలు అలా అంటే “రహస్యంగా ఉంచుతా” అని మాట ఇవ్వకూడదు. ఆమెను ఒంటరిగా వదలకుండా వార్డెన్‌కు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. కాల్ ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వైద్యానికి వెళ్లినవారి వివరాలు గోప్యంగా ఉంచడం చట్టం ఇచ్చిన హక్కు. మానసిక వైద్యం పుస్తకంలో చదివి రోగులకు చెప్పేవారు తమకు అవసరమైనప్పుడు వెనకాడవలసిన పని లేదు.

కాలేజీలకూ బాధ్యత ఉంది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యా సంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో నియమించాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనబడేలా రాయాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల ప్రిన్సిపాళ్లు దీనికి ఇంకొకటి జోడించాలి. క్లినికల్ టైమ్‌టేబుల్‌లో వారానికొక అరగంట, వార్డులో చూసినదాని గురించి ట్యూటర్‌తో కూర్చుని మాట్లాడుకోవడానికే కేటాయించాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే పోస్టింగ్ షెడ్యూల్ రాసేటప్పుడే ఆ అరగంట అందులో చేర్చండి.